మట్టిలో సీసం, 3వ భాగం: సీసం మీద మట్టి పట్టు ఎంత గట్టిదో మట్టి టెస్ట్ రిపోర్టు చూసి చెప్పడం

పోయిన భాగంలో శాంపిల్ తీసేటప్పుడు పైనున్న రెండు మూడు సెంటీమీటర్ల మట్టి విడిగా తీయమన్నాను కదా, దానికి కారణం ఇదే. సీసం మట్టి మీద పడితే పెద్దగా కిందికి దిగదు, పాత పెయింట్ పెచ్చులదైనా ఒకప్పటి పెట్రోల్ పొగదైనా ఏళ్ల తరబడి పై పొరలోనే ఉండిపోతుంది, కుళ్లి పోయేదీ కాదు ఆవిరయ్యేదీ కాదు.

ఎందుకు దిగదంటే మట్టి పట్టేసుకుంటుంది. కరిగిన సీసానికి పాజిటివ్ చార్జ్, బంకమట్టి రేణువుకి నెగటివ్ చార్జ్, అందుకని వచ్చి అతుక్కుంటుంది, కానీ ఇది వదులు పట్టు, కాల్షియం ఎక్కువగా వస్తే సీసాన్ని తోసేసి ఆ చోట్లో అది కూర్చుంటుంది. బాగా చివికిన సేంద్రియ పదార్థం, ఐరన్ మాంగనీస్ ఆక్సైడ్లు (ఎర్రమట్టికి ఆ రంగిచ్చేవి ఐరన్ ఆక్సైడ్లే) సీసంతో నేరుగా బంధం కట్టుకుంటాయి, అంత తేలిగ్గా వదలవు. అన్నిట్లోకీ మొండిది ఫాస్ఫేట్. సీసం, ఫాస్ఫేట్, క్లోరైడ్ కలిస్తే పైరోమార్ఫైట్ అనే ఖనిజం తయారవుతుంది, అది నీళ్లలో దాదాపు కరగదు.

ఇక రిపోర్టు. అందరూ ముందు సీసం అంకె మీద పడతారు, మీరు మాత్రం పీహెచ్ చూడండి (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ). 6.5 పైన ఉంటే పట్టు బాగున్నట్టే, 5 దగ్గరికొస్తే హైడ్రోజన్ అయాన్లు ఆ చోట్లన్నీ లాక్కుంటాయి, సీసం నీళ్లలోకి జారుతుంది. తర్వాత ఆర్గానిక్ కార్బన్ (సేంద్రియ పదార్థం ఎంతుందో దీన్నిబట్టి తెలుస్తుంది), ఆ తర్వాత సీఈసీ (పాజిటివ్ చార్జ్ ఉన్నవాటిని పట్టుకునే చోట్లు మట్టిలో ఎన్నున్నాయో చెప్పే అంకె).

ఉదాహరణకి రెండు మట్టులు తీసుకుందాం, రెండిట్లోనూ సీసం 300 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 300 పాళ్లు, మామూలు మట్టిలో సాధారణంగా 10 నుంచి 50 ఉంటుంది). ఒకటి ఇసుక నేల, పీహెచ్ 5, కార్బన్ 0.3 శాతం. రెండోది బంక నేల, పీహెచ్ 7.2, కార్బన్ 2 శాతం. మొక్క వేర్లకీ కింది నీళ్లకీ సీసం ఎక్కువ అందేది మొదటిదాంట్లోంచే, అంకె ఒకటే అయినా సరే.

కానీ ఒక్కటి దయచేసి గుర్తుపెట్టుకోండి, రెండో నేల పట్టుకుంది కదా అని పిల్లల్ని అందులో ఆడనివ్వొద్దు. చేతికంటిన మట్టి నోట్లోకి పోతే కడుపులో ఆమ్లం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, కార్బొనేట్‌గా ఉన్న సీసం అక్కడ ఇట్టే కరిగిపోతుంది, బంకకి అతుక్కున్నదీ చాలావరకు ఊడొస్తుంది. మొక్కకి అందనిది పిల్లాడికి అందుతుందన్నమాట.

ఇంకో రెండు సంగతులు. నేలలో వారాల తరబడి నీళ్లు నిలిస్తే గాలి అందక ఐరన్ ఆక్సైడ్లు కరుగుతాయి, అవి పట్టుకున్న సీసం కూడా వదులవ్వచ్చు. ఫాస్ఫేట్ వేద్దామనుకుంటే ముందు ఆర్సెనిక్ (ఇదీ విషమే) టెస్ట్ చేయించండి, ఎందుకంటే ఫాస్ఫేట్ దాన్ని మట్టిలోంచి తోసేస్తుంది.

అభ్యాసం: మీ రిపోర్టులో సీసం అంకె మీద వేలు పెట్టి మూసేసి, మిగతా మూడు లైన్లు చూసి పట్టు గట్టిదా వదులా రాసుకోండి, కారణం కూడా ఒక వాక్యంలో. వచ్చే భాగంలో పీహెచ్ పెంచడానికి సున్నం ఎంత వేయాలో లెక్క కడదాం, ఆ కాగితం దగ్గరుండాలి.