ఇంటర్‌కామ్ మోగుతోంది, బయటికి కాల్ పోవడం లేదా?

ముందు లైన్ కంప్లయింట్ ఇవ్వకండి. ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే ఈపీఏబీఎక్స్ బాక్సులోకి వచ్చే బయటి లైన్ పీకి, నేరుగా ఒక మామూలు ఫోన్‌కి పెట్టి చూడండి. రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు. టోన్ లేకపోతే లోపం లైన్‌ది. ఫైబర్ కనెక్షన్ అయితే మోడెమ్‌కి కరెంటు ఉందో లేదో చూడండి. బాక్సుని యూపీఎస్ మీద పెట్టి మోడెమ్‌ని మర్చిపోతుంటారు.

టోన్ ఉండి కాల్ వెళ్తే లోపం బాక్సు దగ్గరే.

లోకల్ ల్యాండ్‌లైన్‌కి పోతోంది, మొబైల్‌కి పోవడం లేదు: అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీద మొబైల్‌కి చేయాలంటే నంబర్ ముందు సున్నా ఉండాలి. మీ ఆఫీసులో బయటి లైన్‌కి కూడా సున్నానే అయితే, మొదటి సున్నాని బాక్సు తన దగ్గరే ఉంచేసుకుంటుంది, బయటికి పంపదు. అందుకే రెండు సున్నాలు, ఆ తర్వాత పది అంకెలు కొట్టాలి.

రెండు సున్నాలు కొట్టినా పోవడం లేదా? చెవి పెట్టి వినండి. రెండో సున్నా నొక్కీ నొక్కగానే ఎంగేజ్ టోన్ వస్తే, అడ్డుకుంటున్నది మీ బాక్సే. మేనేజర్ గదిలోంచి పోయి, రిసెప్షన్ నుంచి పోకపోతే ఇక అనుమానమే అక్కర్లేదు. ఎప్పుడో పెట్టిన ఎస్‌టీడీ (వేరే ఊరి కాల్స్) లాక్ అది. సున్నాతో మొదలైతే ఎస్‌టీడీ అనుకుని ఆపేస్తుంది. అప్పట్లో ఆ లెక్క సరైనదే, ఇప్పుడు ప్రతి మొబైల్ నంబరూ దానికి ఎస్‌టీడీలాగే కనిపిస్తుంది.

ప్రోగ్రామింగ్‌లో ఆ ఎక్స్‌టెన్షన్‌కి (ఆఫీసు లోపలి ఫోన్‌కి) ఎస్‌టీడీ అనుమతి ఇచ్చి, ఐఎస్‌డీకి (విదేశీ కాల్స్‌కి) వాడే 00 మాత్రం లాక్‌లోనే ఉంచండి; బయటి లైన్ కోసం కొట్టే సున్నా ఇందులో లెక్కకు రాదు. మొబైల్ వరకే తెరుద్దామని 06, 07, 08, 09 ఇస్తే బెంగళూరు 080, విజయవాడ 0866 కూడా వాటితో పాటే తెరుచుకుంటాయి. కాల్స్ అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉంటే ఆ తంటా ఎందుకు, మొత్తం తెరిచేయండి.

స్పీడ్ డయల్‌లో పాత నంబర్లకీ, సాయంత్రం ఆఫీసు మూశాక ఓనర్ మొబైల్‌కి వెళ్లే ఫార్వర్డింగ్‌కీ సున్నా చేర్చండి. ఇది వదిలేస్తే రాత్రి కస్టమర్ ఫోన్ చేసిన సంగతే మీకు తెలియదు.

నంబర్ కొడుతున్నా డయల్ టోన్ ఆగకపోతే ఆ లైన్ పల్స్ మోడ్‌లో (పాత డయలింగ్ పద్ధతిలో) ఉండి ఉంటుంది, టోన్ మోడ్‌కి మార్చండి. పిడుగు పడ్డాక ఒక లైన్ పోతే పోర్టు కాలిందేమో, పక్క పోర్టులో పెట్టి చూడండి.