టార్క్ పక్కన ఆర్పీఎం (పాత జపాన్ చిన్న ఇంజన్ల లెక్కలు: 4వ పాఠం)

ఈ పాఠంలో గేర్ల మధ్య ఎంత ఎడం ఉండాలో చెప్పాలనుకున్నాను. పోయిన పాఠం అభ్యాసానికి మీరు రాసిన జవాబుల్లో ఒకే తప్పు చాలాసార్లు చూశాక, ఒక అడుగు వెనక్కి వేయక తప్పదనిపించింది. ఆ తప్పు సరిచేయకుండా గేర్లలోకి దిగితే ముందు వచ్చే ప్రతి లెక్కా తప్పుతుంది.

ఆ ప్రశ్న మళ్ళీ రాస్తాను. హోండా ఎస్600 ఇంజన్ 606 సీసీ. గరిష్ఠ శక్తి 8500 ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ అంకె) దగ్గర 57 హార్స్‌పవర్. గరిష్ఠ టార్క్ (ఇంజన్ తిప్పే బలం) 5500 దగ్గర 5.2 కిలోగ్రామ్-మీటర్లు. టార్క్‌ను ఆర్పీఎంతో గుణించి 716తో భాగిస్తే హార్స్‌పవర్ అనే సూత్రం పెట్టి సరిచూడమన్నాను. ఎక్కువమంది 5.2ని 8500తో గుణించి, 716తో భాగించి 61.7 తెచ్చారు. కంపెనీ శక్తిని తగ్గించి చెప్పిందా అని కొందరు అడిగారు. తేడా వచ్చిన నాలుగైదు హార్స్‌పవర్లు గేర్‌బాక్స్‌లో పోయాయని ఇంకొందరు రాశారు. రెండూ కాదు. లెక్కే తప్పు.

దీనికి నేనిచ్చిన ఉదాహరణ కూడా కారణమే. 3వ పాఠంలో సుజుకి ఫ్రాంటే ఎస్ఎస్ తీసుకున్నాం. 1968లో వచ్చిన ఆ కారుది మూడు సిలిండర్ల టూస్ట్రోక్ ఇంజన్, 356 సీసీ. శక్తి 7000 దగ్గర 36, టార్క్ 6500 దగ్గర 3.7. ఇందులో 3.7ని 7000తో గుణించి 716తో భాగిస్తే 36.2 వస్తుంది. పద్ధతి తప్పైనా జవాబు దాదాపు సరిపోయింది. శక్తి గరిష్ఠం, టార్క్ గరిష్ఠం అనే రెండు శిఖరాలూ 500 ఆర్పీఎం దూరంలోనే ఉండడం వల్ల తప్పు బయటపడలేదు. ఎస్600లో ఆ దూరం 3000, అందుకే అక్కడ దొరికిపోయింది.

ఒక కిరాణా కొట్టు అనుకోండి. ఆదివారం 200 మంది వచ్చారు, మనిషికి సగటున 50 రూపాయల సరుకు కొన్నారు. రాబడి 10,000. బుధవారం 120 మందే వచ్చారు, కానీ ఒక్కొక్కరు 75 రూపాయలకు కొన్నారు. రాబడి 9,000. ఆదివారం జనాన్ని బుధవారం కొనుగోలుతో గుణిస్తే 15,000 వస్తుంది. ఆ వారంలో ఏ రోజూ గల్లాపెట్టెలో అంత డబ్బు లేదు. 5.2ని 8500తో గుణించడం సరిగ్గా ఇదే. 5.2 అనేది 5500 దగ్గరి టార్క్. 8500కి చేరేసరికి అది అంత ఉండదు. 61.7 హార్స్‌పవర్ ఆ ఇంజన్లో ఏ క్షణంలోనూ లేదు.

మరి 8500 దగ్గర టార్క్ ఎంత? వెనక్కి లెక్కించండి. 57ని 716తో గుణించి 8500తో భాగిస్తే 4.8. అలాగే 5500 దగ్గర శక్తి ఎంత? 5.2ని 5500తో గుణించి 716తో భాగిస్తే 40. ఇప్పుడు మన చేతిలో రెండు పూర్తి బిందువులున్నాయి. 5500 దగ్గర 5.2 టార్క్, 40 హార్స్‌పవర్. 8500 దగ్గర 4.8 టార్క్, 57 హార్స్‌పవర్.

టార్క్ తగ్గుతుంటే శక్తి ఎలా పెరుగుతోందని తికమక పడ్డవాళ్ళు ఈ రెండు బిందువులనే చూడండి. టార్క్ 8 శాతం తగ్గింది. తిరిగే వేగం 55 శాతం పెరిగింది. వేగం పెరిగిన దానికంటే టార్క్ వేగంగా పడిపోవడం మొదలైన చోటే శక్తికి శిఖరం. టార్క్ ఎందుకు పడిపోతుందంటే, అంత వేగంలో వాల్వు తెరిచి ఉండే సమయం చాలా తక్కువ. సిలిండర్ నిండా గాలి పట్టదు. పైగా రాపిడి పెరుగుతుంది. నాలుగు సిలిండర్లకు నాలుగు కార్బురేటర్లు, పైన వాల్వులను తెరిచే రెండు క్యామ్‌షాఫ్ట్‌లు, రోలర్ బేరింగుల మీద తిరిగే క్రాంక్, వీటన్నిటితో హోండా చేసింది ఆ పతనాన్ని వీలైనంత పైకి జరపడమే.

అందుకే ఒక్క నియమం పెడుతున్నాను, ఈ పాఠాలు ముగిసేదాకా ఇదే. టార్క్ అంకె రాసిన ప్రతిసారీ పక్కనే ఆర్పీఎం రాయండి. ఊరికే 5.2 అని రాస్తే ఆ జవాబు నేను చదవను. 5.2 @ 5500 అని రాయండి. అలా రాస్తే దాన్ని 8500తో గుణించడానికి మీ చెయ్యే ఒప్పుకోదు.

నేను వాడే దగ్గరి దారి ఒకటి చెబుతాను. 1000ని 716తో భాగిస్తే 1.4. కాబట్టి ఆర్పీఎంను వేలల్లో రాసి, టార్క్‌తోనూ 1.4తోనూ గుణిస్తే హార్స్‌పవర్ వచ్చేస్తుంది. 4.8 × 8.5 × 1.4 అంటే 57. కాలిక్యులేటర్ అవసరం లేదు. న్యూటన్-మీటర్లలో చేయాలనుకునేవాళ్ళు చేసుకోవచ్చు. నాకు మాత్రం ఈ కాలం జపాన్ కార్లకు కిలోగ్రామ్-మీటర్లే హాయి, అప్పటి పట్టికలన్నీ అందులోనే ఉంటాయి.

ఇప్పుడు అసలు పోటీ. 1965లో వచ్చిన టొయోటా స్పోర్ట్స్ 800 ఇంజన్ 790 సీసీ, అంటే మన మారుతి 800 అంతే. ఎదురెదురుగా పడుకున్న రెండు సిలిండర్లు, గాలితో చల్లబడేవి. శక్తి 5400 దగ్గర 45 హార్స్‌పవర్. టార్క్ 3800 దగ్గర 6.8.

ఎస్600 టార్క్ 5.2 కదా, టొయోటాది 6.8 కాబట్టి టొయోటానే ఎక్కువ లాగుతుందని చాలామంది తేల్చేశారు. చక్రం దగ్గర చూస్తే అలా ఉండదు. రెండు కార్లూ 100 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్నాయని, చక్రాలు ఒకే సైజువని, రెండిటికీ ఆ వేగంలో గరిష్ఠ శక్తి అందేలా గేరు ఉందని అనుకుందాం. చక్రాలు ఒకే వేగంతో తిరుగుతున్నాయి, హోండా ఇంజన్ 8500లో, టొయోటా ఇంజన్ 5400లో. అంటే హోండా మొత్తం గేరు నిష్పత్తి (చక్రం ఒకసారి తిరిగేలోపు ఇంజన్ ఎన్నిసార్లు తిరుగుతుందో) టొయోటా కంటే 1.57 రెట్లు. ఎస్600లో డిఫరెన్షియల్ (ఇంజన్ తోపును రెండు వెనక చక్రాలకు పంచే గేర్లు) తర్వాత వెనక చక్రాలకు ఒక్కోదానికి ఒక్కో చైన్ ఉంటుంది. మొత్తం నిష్పత్తి కట్టేటప్పుడు ఆ చైన్‌ను మరవకండి. హోండా 4.8ని 1.57తో గుణిస్తే 7.5. టొయోటా 5400 దగ్గర ఇచ్చేది 6 కంటే కొంచెం తక్కువ. చక్రం దగ్గర హోండాదే పైచేయి, దాదాపు 27 శాతం. 57కీ 45కీ మధ్య తేడా కూడా సరిగ్గా 27 శాతమే. ఒకే వేగంలో రెండు ఇంజన్లను పోల్చాలంటే హార్స్‌పవర్లను పోల్చితే చాలు, గేర్లన్నీ అందులోనే ఇమిడిపోతాయి.

బరువు కలపగానే కథ మారుతుంది. హార్స్‌పవర్‌ను 270తో గుణించి, వేగంతో భాగిస్తే చక్రం నేలను ఎన్ని కిలోల బలంతో తోస్తుందో వస్తుంది. 100 వేగంలో హోండాకు 154 కిలోలు, టొయోటాకు 121. హోండా బరువు 700 కిలోలకు అటూ ఇటూ, టొయోటా 580. భాగిస్తే 0.22, 0.21. 27 శాతం ఆధిక్యం కాస్తా 5 శాతానికి వచ్చింది. ఆ మిగిలిన కాస్త తేడా మలుపుల్లో, బ్రేకుల్లో, టైర్ల అరుగుదలలో, పెట్రోలులో ఇట్టే కొట్టుకుపోతుంది.

1965 జులైలో చిబాలోని ఫునాబాషి సర్క్యూట్‌లో జరిగింది చూడండి. స్పోర్ట్స్ 800 నడుపుతున్న ఉకియా తోజిరో కారు, ఇకుజావా తెత్సు నడుపుతున్న ఎస్600తో తగిలింది. ఉకియా 16వ స్థానానికి పడిపోయాడు. అక్కడి నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి గెలిచాడు. అదే ఏడాది ఆగస్టులో సుజుకా సర్క్యూట్‌లో సాధన చేస్తూ ప్రమాదంలో చనిపోయాడు, అప్పటికి అతని వయసు 23. ఆ గెలుపు అతని చేతిదే, అందులో సందేహం లేదు. కానీ 45 హార్స్‌పవర్ల కారుతో అది సాధ్యమయ్యే దూరంలోనే ఉందని ఆ 0.22, 0.21 చెబుతున్నాయి. 1966 జనవరిలో సుజుకా 500 కిలోమీటర్ల రేసులోనూ స్పోర్ట్స్ 800లు మధ్యలో పెట్రోలు పోయించుకోకుండానే మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో ఇంకొక ఉదాహరణ. 1965 అక్టోబర్ 24న మెక్సికో ఫార్ములా వన్ రేసులో రిచీ గింథర్ నడిపి గెలిచిన హోండా ఆర్ఏ272. ఒకటిన్నర లీటర్ల ఇంజన్, 12 సిలిండర్లు. శక్తి 12,000 ఆర్పీఎం ప్రాంతంలో సుమారు 230 హార్స్‌పవర్. వెనక్కి లెక్కిస్తే అక్కడ టార్క్ 13.7 వస్తుంది. ఇవాళ మన వీధిలో తిరిగే ఒకటిన్నర లీటర్ల పెట్రోల్ కారు గరిష్ఠ టార్క్ కూడా దాదాపు అంతే. ఆ టార్క్‌ను ఎంత పై వేగంలో నిలబెట్టారన్నదే తేడా.

ఇక గేర్ల ఎడం, క్లుప్తంగా. శక్తి శిఖరం ఆర్పీఎంను టార్క్ శిఖరం ఆర్పీఎంతో భాగించండి. తీసివేయకండి, భాగించండి. గేరు మార్చినప్పుడు ఆర్పీఎం నిష్పత్తిలోనే పడిపోతుంది కాబట్టి. ఎస్600కు 8500/5500, అంటే 1.55. స్పోర్ట్స్ 800కు 1.42. ఫ్రాంటేకు 1.08. ఎస్600 ఇంజన్ పైన మాత్రమే పనిచేసే మొండి ఇంజన్ అనుకుంటారు గానీ, నిష్పత్తిలో చూస్తే టొయోటా కంటే దానికే వెడల్పు ఎక్కువ. ఇబ్బంది ఫ్రాంటేది. గేరు మారిస్తే ఆర్పీఎం 7000 నుంచి 6500 కిందికి పడిపోకుండా ఆగాలంటే గేర్లు పక్కపక్కనే ఉండాలి. 1967లో సుజుకి 50 సీసీ రేసు బైకుకు 14 గేర్లు పెట్టింది ఈ కారణంతోనే. దాని ఇంజన్ 17,000 పైన తిరిగేది, కింద దాదాపు ఏమీ ఉండేది కాదు.

గేరు ఎప్పుడు మార్చాలి? టార్క్ శిఖరం దగ్గర కాదు. వీపుకు తోపు ఎక్కువగా తగిలేది అక్కడే కాబట్టి అక్కడే మార్చేయాలనిపిస్తుంది. ఎస్600లో రెండు గేర్ల మధ్య ఎడం 1.4 అనుకోండి. 5500 దగ్గర మారిస్తే 3930కి పడతారు. 40 హార్స్‌పవర్లు వదులుకుని అంతకంటే తక్కువ తీసుకున్నట్టు. 8500 దగ్గర మార్చినా 6070కి పడి, 57 నుంచి 43కి దిగుతారు. అంటే 8500 దాటి ఇంకా లాగాలి. పై గేరులో దొరికే శక్తి, కింది గేరులో మిగిలిన శక్తితో సమానమయ్యేదాకా, లేదా ఇంజన్ ఓర్చుకునేదాకా.

అభ్యాసం. గ్రాఫ్ పేపర్ మీద చేయండి, కంప్యూటర్ మీద వద్దు.

హోండా ఎస్800: 791 సీసీ, 70 హార్స్‌పవర్ @ 8000, 6.7 @ 6000. ముందు రెండు బిందువులూ పూర్తి చేయండి. 75 హార్స్‌పవర్ వచ్చిందంటే ఈ పాఠం మళ్ళీ మొదటి నుంచి చదవండి. తర్వాత ఆ రెండు బిందువుల మధ్య టార్క్‌కు సరళరేఖ గీసి, 8000 తర్వాత ప్రతి 500 ఆర్పీఎంకు 0.4 చొప్పున తగ్గుతుందని లెక్క కోసం అనుకోండి. 10,000 దాకా ప్రతి 250కి శక్తి కట్టండి. ఎడం 1.3, 1.4, 1.5 అయినప్పుడు ఒక్కోదానికి గేరు ఎక్కడ మార్చాలో వెతకండి. చివరగా అదే పనిని ఎస్600కు చేసి, 60 నుంచి 120 వేగం వరకు ప్రతి 10 కిలోమీటర్లకు రెండు కార్ల తోపును పక్కపక్కన రాయండి. ఎస్800 బరువు 720 కిలోలుగా తీసుకోండి, రెండింటికీ డ్రైవరు బరువు 60 కలపండి. ప్రతి టార్క్ పక్కనా ఆర్పీఎం ఉండాలి.