నలుపు తెలుపు ఫొటోలో రంగును వెతకడం
స్కేల్ మోడల్ రంగుల పరిశోధన – 3వ పాఠం

గత పాఠంలో ప్రశ్నను కుదించుకోమని చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం స్పిట్‌ఫైర్‌నే తీసుకోండి. "స్పిట్‌ఫైర్ ఏ రంగు?" అని అడిగితే పది జవాబులు వస్తాయి. "ఈ సీరియల్ నంబరు విమానం ఈ నెలలో ఏ రంగులో ఉంది?" అని అడిగితేనే వెతకడానికి దారి దొరుకుతుంది. సాధనకు స్పిట్‌ఫైర్ మార్క్ 5 తీసుకున్నాం. ఈ విమానాలు స్క్వాడ్రన్లకు అందడం మొదలైంది 1941 ఆరంభంలో. అదే ఏడాది ఆగస్టులో బ్రిటిష్ వైమానిక దళం పగటి ఫైటర్ల రంగులు మార్చింది. కాబట్టి ఒకే విమానం వేసవిలో ఒకలా, చలికాలంలో మరోలా ఉండొచ్చు.

ఆ మార్పును ఒకసారి గుర్తు చేసుకుందాం. మొదట పైన డార్క్ ఎర్త్ అనే మట్టి రంగు, డార్క్ గ్రీన్ ఉండేవి. కింద స్కై, అంటే లేత పసరు ఛాయ ఉన్న రంగు. పోరు ఇంగ్లండ్ పొలాల మీద నుంచి సముద్రం దాటి ఫ్రాన్స్ మీదికి, ఇంకా ఎత్తుకు జరిగాక మట్టి రంగుతో పని లేకపోయింది. దాని చోట ఓషన్ గ్రే వచ్చింది, కింద స్కై పోయి మీడియం సీ గ్రే వచ్చింది. ప్రొపెల్లర్ ముందుండే స్పిన్నర్, తోకకు ముందుండే 18 అంగుళాల పట్టీ మాత్రం స్కైలోనే ఉండిపోయాయి. పక్కన రాసే స్క్వాడ్రన్ అక్షరాలు మీడియం సీ గ్రే నుంచి స్కైకి మారాయి. ఈ చివరి వాక్యాన్ని నోట్సులో రాసుకోండి, కాసేపట్లో దానితో పని పడుతుంది.

ఇక ఫొటో తీయండి. చాలామంది తిన్నగా రెక్కల మీద రెండు రంగుల్లో వేసిన మచ్చల దగ్గరికి వెళ్లి "ఇది మట్టి రంగా, బూడిద రంగా?" అని కళ్లు చిట్లించి చూస్తారు. అక్కడ మొదలుపెట్టకండి. ముందు ఫిల్మ్ ఏదో తేల్చుకోవాలి.

ఆ కాలంలో రెండు రకాల నలుపు తెలుపు ఫిల్మ్ వాడేవారు. పాంక్రొమాటిక్ ఫిల్మ్ అన్ని రంగుల కాంతినీ పట్టుకుంటుంది. ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపు కాంతి కనబడదు. దాంతో ఎరుపు నల్లగా పడుతుంది, పసుపు కూడా బాగా ముదురుగా వస్తుంది, నీలం మాత్రం తేలిపోతుంది. తేల్చుకోవడానికి విమానం పక్క భాగం మీద ఉండే రౌండెల్, అంటే బ్రిటిష్ వైమానిక దళం గుండ్రటి గుర్తు, చాలు. దాని రంగులు మనకు ముందే తెలుసు: మధ్యలో ఎరుపు, తర్వాత తెలుపు, నీలం, అన్నిటికీ బయట పసుపు వలయం. పసుపు వలయం లేతగా మెరుస్తుంటే పాంక్రొమాటిక్. అది ముదురుగా మారి, పక్కనున్న నీలం దానికన్నా లేతగా ఉంటే ఆర్థోక్రొమాటిక్. కెమెరాకు తగిలించిన రంగు ఫిల్టర్ కూడా ఇలాంటి తేడాలే తెస్తుంది. అయినా రౌండెల్‌ను కొలబద్దగా పెట్టుకుంటే ఆ ఫొటో రంగులను ఎటు లాగుతోందో తెలుస్తుంది.

ఇది తెలియక నేను ఒక మోడల్‌ను తప్పుగా పూర్తి చేశాను. 1941 ఆగస్టు మార్పుతో పాటే రెక్కల ముందు అంచున, బయటి వైపు, పసుపు చారలు వచ్చాయి. నా దగ్గరున్న ఫొటోలో ఆ చార కనబడలేదు. అందుకని పాత రంగుల పథకమే అనుకుని మట్టి రంగు వేశాను. అది ఆర్థోక్రొమాటిక్ ఫొటో. చార అక్కడే ఉంది, ముదురుగా పడి పక్క రంగులో కలిసిపోయింది. అప్పట్నుంచి ఫిల్మ్ ఏదో తేల్చకుండా "ఇది లేదు" అని ఏ గుర్తు గురించీ రాసుకోను.

రెండో మెట్టు, ఫొటో కాలాన్ని గుర్తులతో బిగించడం. తోక దగ్గర స్కై పట్టీ వాడుకలోకి వచ్చింది 1940 నవంబరు చివర. పసుపు చార ఉంటే 1941 ఆగస్టు దాటినట్టే. రౌండెల్‌లో తెలుపు, పసుపు వలయాలు సన్నబడితే 1942 మే తర్వాతిది. ఇవి ఆదేశాల తేదీలు. ప్రతి విమానానికీ ఆ రోజే రంగు వేయలేదు కాబట్టి కొన్ని వారాలు అటూ ఇటూ వదలండి.

ఇప్పుడు అన్నిటికన్నా నాకు ఇష్టమైన పరీక్ష. స్క్వాడ్రన్ అక్షరాలనూ తోక పట్టీనీ పోల్చండి. రెండూ విమానం ఒకే పక్కన, దాదాపు ఒకే వెలుగులో ఉంటాయి, అందుకే ఈ పోలికను నమ్మొచ్చు. రెండూ ఒకే ఛాయలో ఉంటే అక్షరాలు స్కై, అంటే కొత్త పథకం వైపు బలమైన సాక్ష్యం. అక్షరాలు పట్టీకన్నా ముదురుగా ఉంటే మీడియం సీ గ్రే, అంటే పాతది కావచ్చు. రెక్క అడుగు భాగాన్ని మాత్రం ఇలా పోల్చకండి. అది నీడలో ఉంటుంది, లేత రంగు కూడా అక్కడ ముదురుగా పడుతుంది.

పై మచ్చలను చివర్లో చూడండి. ఆర్థోక్రొమాటిక్ ఫొటోలో మట్టి రంగు నల్లబడి ఆకుపచ్చకు దగ్గరగా వచ్చేస్తుంది, మచ్చల అంచే సరిగా దొరకదు. అలాంటప్పుడు మచ్చల ఛాయను బట్టి తీర్పు చెప్పకుండా అక్షరాలు, పట్టీ, చారలు చెప్పినదాన్నే తీసుకోండి.

ఒక చిక్కు మిగిలింది. మార్పు మొదట్లో ఓషన్ గ్రే సరిపడా దొరకలేదు. అందుకని 7 పాళ్ల మీడియం సీ గ్రేలో 1 పాలు నైట్ అనే నలుపు కలిపి వాడమన్నారు. దీన్ని మిక్స్‌డ్ గ్రే అంటారు. మీ విమానం 1941 ఆగస్టు, సెప్టెంబరు నాటిదై, పాత రంగు మీద స్క్వాడ్రన్‌లోనే మళ్లీ రంగు వేసినదైతే, ఓషన్ గ్రే సీసా తెరిచే ముందు ఈ కలయికను ఒక ప్లాస్టిక్ ముక్క మీద వేసి చూడండి. ఓషన్ గ్రేలో ఉండే నీలి ఛాయ ఇందులో తక్కువ. ఆ తొలి వారాల విమానానికి నేనైతే దీన్నే వేస్తాను.

కంప్యూటర్లో రంగులద్దిన పాత ఫొటోలను ఈ పనిలోకి రానివ్వకండి. వాటిలోని రంగు ఒకరి ఊహ, లేదా ఒక ప్రోగ్రామ్ ఊహ. ఫిల్మ్ మీద పడిన ఛాయల తేడాలను కూడా అవి చెరిపేస్తాయి.

ఈ పాఠానికి అభ్యాసం: మీ విమానం ఫొటో ఒక్కటి తీసుకుని కాగితం మీద మూడు గళ్లు గీయండి. కంటికి కనబడినది మొదటి గడిలో, ఆదేశాల నుంచి తెలిసినది రెండో గడిలో, ఊహించినది మూడో గడిలో రాయండి. పట్టీ వెడల్పు కూడా లెక్క వేసి ఉంచండి: 18 అంగుళాలు 1/72 స్కేల్‌లో 6.35 మిల్లీమీటర్లు, 1/48లో సుమారు 9.5. వచ్చే పాఠంలో ఆ మూడో గడిని దగ్గర పెట్టుకుని రంగుల ప్రామాణిక చీటీలతో సీసాలను సరిపోల్చుదాం. అప్పటిదాకా రంగులు కొనకండి.