సంగీత కళాకారుల వెబ్‌సైటు – 4వ పాఠం: ముందు తెలుగు కనిపించాలి

ఈసారి సైటులో పాట వినిపించడం నేర్చుకుందామని కిందటి పాఠం చివర రాశాను. అది కాసేపు ఆగాలి. పదిహేను రోజులుగా నాకు వచ్చిన ఫోన్లన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. "అన్నా, పేజీ అయితే వచ్చింది, తెలుగు రాలేదు."

జ్యేష్ఠంలో చివరి ముహూర్తానికి దేవుని కడపలో వాయించడానికి పోయినప్పుడు, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన డోలు విద్వాంసుడొకరు తన ఫోన్ నా చేతిలో పెట్టారు. ఆయన పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, వాటి తలల మీద కొమ్ములు, మధ్యమధ్య చుక్కలు, కామాలు. నలభై ఏళ్లుగా డోలు వాయిస్తున్న మనిషి. "నేను చేసిన తప్పేంది సామీ?" అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు. 'మీ గురించి' పేజీకి పాత కరపత్రంలోని మేటర్ వాడుకోండి అని 3వ పాఠంలో రాసింది నేను. దాన్ని ఎలా తెచ్చుకోవాలో మాత్రం రాయలేదు. అందరూ డీటీపీ షాపుకు పోయి, ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకొని, కాపీ చేసి పేజీలో అతికించారు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం దీనికే పోతుంది.

షాపులో పెళ్లిపత్రికలకు, కరపత్రాలకు వాడే ఫాంట్లు అచ్చు కోసం చేసినవి. మన ఊళ్లలో ఎక్కువగా అను ఫాంట్లు వాడతారు. కాగితం మీద అవి అందంగా ఉంటాయి, ఆ పనికి వాటికి వంక పెట్టలేం. కాకపోతే వాటి లోపల తెలుగు అక్షరం ఉండదు. ఇంటి హార్మోనియం మెట్ల మీద 'స, రి, గ' అని కాగితం ముక్కలు అంటించుకున్నారనుకోండి. మీ పెట్టె మీద చూసి ఎవరైనా స్వరం గుర్తుపడతారు. ఆ కాగితాలు లేని పెట్టె మీద, పక్కింట్లోనైనా సరే, ఏ మెట్టు ఏ స్వరమో చెప్పేవాళ్లు ఉండరు. ఈ ఫాంట్లూ అంతే. కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల అంకెలనే, వాటి మీద తెలుగు బొమ్మ అంటించి చూపిస్తుంది. ఆ ఫాంట్ షాపు కంప్యూటర్లో ఉంది, పెళ్లికూతురి తండ్రి ఫోన్లో లేదు. బొమ్మ ఊడిపోతే అడుగున ఉన్నది బయటపడుతుంది.

యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ అంకెలు కేటాయించిన పద్ధతిలో, అలా కాదు. అక్కడ ప్రతి తెలుగు అక్షరానికి సొంత అంకె ఉంది. 'క' 3093, 'స' 3128. కడపలో చూసినా కాలిఫోర్నియాలో చూసినా అవే. 'సన్నాయి' అని టైపు చేస్తే లోపల ఏడు అంకెలు వరుసగా కూర్చుంటాయి: స, న, పొల్లు, మళ్లీ న, దీర్ఘం, య, గుడి. ఫోన్ వాటిని చదివి తన దగ్గరున్న తెలుగు ఫాంట్‌తో గీస్తుంది. వాట్సాప్‌లో మీరు రోజూ రాసే తెలుగు ఇదే. గూగుల్‌లో ఎవరైనా 'కడప సన్నాయి మేళం' అని వెతికితే మీ పేజీ దొరకాలంటే లోపల ఈ అంకెలే ఉండాలి.

ఇప్పుడు మీ పేజీ తెరిచి చూడండి. తెలుగు చెడిపోయిన తీరు బట్టి రోగం తెలుస్తుంది.

ఇంగ్లీషు అక్షరాలు ఒక లెక్క లేకుండా కలగాపులగంగా ఉంటే అది డీటీపీ ఫాంట్. పైన చెప్పింది అదే.

ప్రతి రెండు మూడు అక్షరాలకోసారి తల మీద గీత ఉన్న ఇంగ్లీషు చిన్న 'ఏ', దాని పక్కనే డిగ్రీ గుర్తో, కూడిక తీసివేత కలిసిన గుర్తో వస్తుంటే మీ తెలుగు మంచిదే. యూనికోడ్ అంకెలను ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరం మూడు ముక్కలుగా నిలవ ఉంటుంది, అన్నిటికీ మొదటి ముక్క ఒకటే. బ్రౌజర్ ఆ మూడింటినీ విడివిడిగా చదువుతోంది, అందుకే ఆ 'ఏ' పదేపదే కనిపిస్తుంది. పేజీ కోడ్ పైభాగంలో ఛార్‌సెట్ (అక్షరాలు చదవాల్సిన పద్ధతి) యూటీఎఫ్-8 అని బ్రౌజర్‌కు చెప్పే లైను పెట్టలేదన్నమాట. 2వ పాఠంలో ఇచ్చిన నమూనాలో ఆ లైను ఉంది, చాలామంది అనవసరమనుకొని తీసేశారు. తిరిగి పెట్టండి, ఒక్క నిమిషంలో బాగవుతుంది.

వరుసగా ప్రశ్నార్థకాలే ఉంటే నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలు దాచే పద్ధతి) దగ్గర తెలుగు పట్టని పాత పద్ధతి 'ఆన్సీ' (ANSI) అని ఉండిపోయింది. ఇది అన్నిటికన్నా చెడ్డది. అక్షరం పోయి దాని చోట నిజంగానే ప్రశ్నార్థకం చేరింది కాబట్టి వెనక్కి తీసుకురాలేం, మళ్లీ టైపు చేయాలి. పాత విండోస్‌లో సేవ్ చేసే ప్రతిసారీ ఆ గడి చూసుకోండి. నా మొదటి పేజీ ఇలాగే పోయింది. బెంగళూరులో స్థిరపడిన కడపవాళ్లు మాఘమాసం పెళ్లికి మేళం వెతుక్కుంటూ నా పేజీ తెరిచారట. "అన్నీ ప్రశ్నలే ఉన్నాయి, మీరు మానేశారేమో అనుకున్నాం" అని ఆ తర్వాత చెప్పారు. అప్పటికే వాళ్లు వేరే జట్టుకు బయానా ఇచ్చేశారు.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ ఫోన్లో తెలుగు ఫాంట్ లేదు. ఈ కాలంలో అరుదు, వదిలేయండి.

డీటీపీ మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. నేను వాటిని వాడను. ఒత్తులు ఒక అక్షరం అవతల పడతాయి. కళ్లు అలవాటుగా చదువుకుంటూ పోతాయి కాబట్టి మనకు తప్పు కనిపించదు. కరపత్రం ఎదురుగా పెట్టుకొని ఫోన్లో తెలుగు కీబోర్డు తెరిచి, మైకు గుర్తు నొక్కి చదవడమే నా పద్ధతి. సాయంత్రం మిద్దె మీద నడుస్తూ అరగంటలో ఒక పేజీ చెప్పేస్తాను. రాగాల పేర్లు మాత్రం అది తప్పు వింటుంది, వాటిని చేత్తో దిద్దాలి. కంప్యూటర్ మీదే రాసేవాళ్లకు విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది.

కొందరు ఈ బాధంతా ఎందుకని కరపత్రాన్నే ఫొటో తీసి సైటులో పెట్టేశారు. దయచేసి తీసేయండి. అందులో ఫోన్ నంబరు నొక్కితే కాల్ పోదు, చిన్న అక్షరాలు వేళ్లతో సాగదీసి చూడాలి. కళ్లజోడు వెతుక్కునే పెద్దాయన అంత కష్టపడడు, పక్క జట్టుకు ఫోన్ చేస్తాడు. ఉరుములు అనే డప్పు వాద్యం వాయించే అనంతపురం జట్టు ఒకటి ఇలాగే మొత్తం సైటంతా ఒక్క పోస్టర్‌తో నింపింది. ఉరుముల గురించి మనవాళ్లకే సరిగ్గా తెలియని రోజుల్లో, వాళ్ల చరిత్ర రాసిన ఆ నాలుగు పేరాలు అక్షరాలుగా ఉంటే ఎందరికి పనికొచ్చేవో!

ఫాంట్ ఏది బాగుంటుందని అడిగారు. గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరికే మండలి నాకిష్టం, శీర్షికకు రామభద్ర. నల్లటి నేపథ్యం మీద పసుపు అక్షరాలు వద్దు.

ఇక పాట. ఫైలు అప్‌లోడ్ చేయడం ఫొటోల దగ్గర చేసిందే, మళ్లీ చెప్పను. శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే ఆరు నిమిషాల కీర్తన 60 ఎంబీ. అదే 128 కేబీపీఎస్ ఎంపీ3గా మారిస్తే నిమిషానికి 1 ఎంబీ కూడా కాదు. ఆడాసిటీ అనే ప్రోగ్రాంలో మార్చుకోవచ్చు, ఉచితం. నేను 45 సెకన్లకు మించి పెట్టను. గట్టిమేళం పెట్టకండి, అది అందరిదీ ఒకలాగే వినిపిస్తుంది. కీర్తనలో చరణం ఎత్తుకునే చోటు పెట్టండి, మీ చేతివాటం అక్కడ తెలుస్తుంది. సన్నాయి నోటికి ఎదురుగా ఫోన్ పెడితే శబ్దం పగిలిపోతుంది. పన్నెండు అడుగుల దూరంలో, కాస్త పక్కకు పెట్టాలి. పేజీ తెరవగానే పాట దానంతటదే మోగాలని అడిగారు. క్రోమ్ 2018 నుంచి దాన్ని ఆపేస్తోంది, ప్లే బటన్ చాలు.

సినిమా పాటలు వద్దు, వాటికి హక్కుదారులుంటారు. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు, ఆయన కృతులకు చిక్కులేదు. అన్నమయ్య పదాల దగ్గర జాగ్రత్త. సాహిత్యం మన తాళ్లపాకదే, ఐదు వందల ఏళ్ల నాటిది. ఆ పదాలు చెక్కిన రాగిరేకుల్లో రాగం పేరు ఉంది గాని స్వరం లేదు. ఇప్పుడు మనం వాయించే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి, కట్టినవారు పోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. మీ గురువుగారు కట్టిన బాణీ అయితే ఆయన అనుమతి తీసుకొని, ఆయన పేరు పాట కిందే రాయండి.

అభ్యాసం. ఆషాఢంలో ముహూర్తాలు లేవు కాబట్టి కొంచెం పెద్దదే ఇస్తున్నాను. మీ గురించి 150 మాటలు ఎక్కడా అతికించకుండా సొంతంగా టైపు చేయండి: గురువు ఎవరు, ఏ గుళ్లలో వాయించారు, జట్టులో ఎంతమంది, ఎంత దూరం వస్తారు. దాన్ని ఐదు వేర్వేరు ఫోన్లలో తెరవండి, అందులో ఒకటి బాగా పాతదై ఉండాలి. అరవై దాటినవారొకరి చేత పైకి చదివించండి. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ ఒత్తు తప్పైనా ఉంటుంది, వాక్యం పొడవైనా అయి ఉంటుంది. అది దిద్ది, మరుసటి రోజు ఇంకొకరి చేత చదివించండి. ముగ్గురు ఆగకుండా చదివేదాకా చేయండి. పాటను మాత్రం కడప ఆర్టీసీ బస్టాండు లాంటి రద్దీ చోట నిలబడి, వైఫై లేకుండా తెరవండి. ప్లే నొక్కాక ఐదు అంకెలు లెక్కపెట్టేలోపు సన్నాయి వినిపించకపోతే ఫైలు ఇంకా పెద్దదిగా ఉందని అర్థం.

వాట్సాప్ లింకులో నంబరు ముందు 91 మాత్రమే రాయాలి. సున్నా పెట్టి ఇద్దరు ఇప్పటికే ఇబ్బంది పడ్డారు. ముహూర్తాల పట్టిక శ్రావణం రాకముందే, 5వ పాఠంలో.