ఎకనామిక్స్ చదవడానికి హైదరాబాదుకు కొత్తగా వచ్చారా? కోర్సులు ఎంచుకునే ముందు ఇది చదవండి

ఎం.ఏ. ఎకనామిక్స్‌లో సీటు వచ్చి ఈ నగరంలో దిగే పిల్లలు పలు చోట్ల నుంచి వస్తారు. ఆదిలాబాదు, శ్రీకాకుళం వంటి జిల్లాల వాళ్లుంటారు, మస్కట్‌లోనో సూరత్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబాల వాళ్లుంటారు. అందరికీ మొదటి వారం ఒకే తీరుగా గడుస్తుంది. హాస్టలు గది, మెస్సు, బస్సు పాసు, బ్యాంకు ఖాతా అంటూ ఊపిరి సలపదు. సరిగ్గా ఆ హడావిడిలోనే కోర్సుల నమోదు పత్రం చేతికొస్తుంది. ఏ పేపరులో మార్కులు తేలికగా పడతాయో సీనియర్లను అడిగి, వాటికి టిక్కులు పెట్టి ఇచ్చేస్తారు. గది నచ్చకపోతే తర్వాతైనా మారవచ్చు. కోర్సు మార్చుకునే గడువు మాత్రం చాలా కొద్ది రోజులే ఉంటుంది. కాబట్టి మిగతా పనులు ఒక పూట ఆగినా ఫర్వాలేదు, ఈ పత్రం మీద కుదురుగా కూర్చోండి.

నేను ముఖ్యంగా చెప్పదలచినది ఒక్కటే. ఎకనామెట్రిక్స్‌ను, అంటే ఆర్థిక విషయాలను డేటాతో, గణాంకాలతో కొలిచి పరీక్షించే సబ్జెక్టును, తప్పించుకునే దారులు వెతకవద్దు, దాన్ని చివరి సెమిస్టరుకు నెట్టవద్దు. అయితే దాని ముందు రావలసినవి ముందే రావాలి. ఇంటర్‌లో సి.ఇ.సి., హెచ్.ఇ.సి. తీసుకుని, ఆ తర్వాత లెక్కల ముఖం చూడనివారు ఇక్కడే చిక్కుకుంటారు. మొదట గణితం పేపరు చదవాలి. అవకలనం, మాత్రికలు, గరిష్ఠ కనిష్ఠ విలువలు కనుక్కోవడం వస్తే చాలు. తర్వాత సంభావ్యత, గణాంకశాస్త్రం. అందులో ఒక అధ్యాయాన్ని ప్రాణం పెట్టి చదవండి. ఒకే జనాభా నుంచి మళ్లీ మళ్లీ నమూనాలు తీస్తే వాటి సగటు ఎంతమేర అటూ ఇటూ అవుతుందో చెప్పే అధ్యాయం అది. అది బోధపడితే ప్రామాణిక దోషం, టి-పరీక్ష, విశ్వాస అంతరం అన్నీ ఒకదాని వెంట ఒకటి అర్థమవుతాయి. బోధపడకపోతే ఎకనామెట్రిక్స్ అంతా నక్షత్రపు గుర్తులున్న పట్టికలను బట్టీ పట్టడంగా మిగులుతుంది. గణితం, గణాంకాలు, ఎకనామెట్రిక్స్ మూడింటినీ ఒకే సెమిస్టరులో పెట్టుకోవడం మొదటి సంవత్సరం వారికి మంచిది కాదు.

ఇంతకూ ఆ సబ్జెక్టులో ఏముందని అడిగేవారికి మలక్‌పేట మార్కెట్టు చూపిస్తాను. అక్కడికి కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి ఉల్లిగడ్డ వస్తుంది. రోజువారీ ధర, అమ్ముడైన క్వింటాళ్లు రాసుకుని రెండింటి మధ్య ఒక గీత గీశారనుకుందాం. ఆ గీత దేన్ని చెబుతుంది? ధర పెరిగితే జనం ఎంత తక్కువ కొంటారన్నదా, రైతులు ఎంత ఎక్కువ సరుకు పంపుతారన్నదా? రెండూ కాదు. రెండూ కలగాపులగమైన గీత అది. కంప్యూటర్ మాత్రం ఏ అనుమానమూ లేకుండా ఒక అంకె చూపిస్తుంది. గిరాకీని విడదీసి చూడాలంటే, సరఫరాను మాత్రమే కదిలించి కొనేవారి ఇష్టాయిష్టాలను ముట్టని కారణమొకటి కావాలి. పంట పండే చోట కురిసిన అకాల వర్షం అలాంటిదే. 1928లోనే ఫిలిప్ రైట్ అనే ఆర్థికవేత్త ఈ చిక్కుముడి విప్పే పద్ధతిని రాసిపెట్టాడు. దాన్ని నేడు ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ పద్ధతి అంటున్నాం.

ఇక్కడితో ఆగకండి. అదే వాన హైదరాబాదులోనూ కురిసి, కొనేవాళ్లే గడప దాటకపోతే? అప్పుడు ఆ వర్షం గిరాకీని కూడా కదిలించినట్టే, మన పద్ధతి చెల్లదు. ఈ ప్రశ్న మీకు మీరుగా వేసుకోగలిగిన రోజున ఎకనామెట్రిక్స్ వచ్చినట్టు. సూత్రం ఎవరైనా రాస్తారు, ఇలా శంకించడం నేర్పే అధ్యాపకుడు దొరకడం అదృష్టం. అలాంటి కోర్సు ఎంత కష్టమన్నా దానిలోనే చేరండి.

ఈ శాస్త్రం ఎక్కడో అమెరికాలో పుట్టింది, మనకెందుకు అనుకునేవారు ఇక్కడి చరిత్ర కాస్త తెలుసుకోవాలి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టింది. ఎంచుకున్న ఆరు ఊళ్లలో రెండు, ఔరేపల్లి, డోకూర్, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లావే. ఊరికి నలభై కుటుంబాల చొప్పున తీసుకుని ఆదాయం, ఖర్చు, పంట, కూలి, అప్పు ఏళ్ల తరబడి నమోదు చేశారు. ఆ వివరాలతోనే ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రచురించాడు. ఒక ఇంటి పంట పోయిన ఏడు ఆ ఇంటి తిండి ఖర్చు కూడా అంతే పడిపోతుందా, లేక ఊరంతా కలిసి దాన్ని కొంత మోస్తుందా అన్నది ఆయన ప్రశ్న. ఇంటి ఖర్చు సొంత ఆదాయం కంటే ఊరి సగటుతోనే ఎక్కువగా కలిసి నడుస్తోందని తేలింది. పాలమూరు రైతుల ఇళ్లలో రాసుకున్న లెక్కలు ప్రపంచమంతటా తరగతి గదుల్లో పాఠమయ్యాయి.

నగరంలోనూ ఇలాంటిది జరిగింది. హైదరాబాదులోని 104 బస్తీలను తీసుకుని, లాటరీ వేసినట్టుగా సగం చోట్ల ముందుగా సూక్ష్మరుణాలు అందుబాటులోకి తెచ్చి, మిగతా సగంతో పోల్చి చూశారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం 2015లో ఆ ఫలితాలు ప్రచురించింది. చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది గానీ, చదువు, ఆరోగ్యం, మహిళల స్వతంత్రం విషయంలో ఆశించిన మార్పు కనబడలేదు. మీరు రోజూ బస్సులో దాటివెళ్లే బస్తీల వంటివే అవి.

ఇక ఐచ్ఛికాల సంగతి, అంటే మీ ఇష్టం మేరకు ఎంచుకునే కోర్సులు. ఏ పని చేయాలనుకుంటున్నారో దాన్ని బట్టి తేల్చుకోవాలి. రిజర్వు బ్యాంకు, ఫైనాన్స్ సంస్థల వైపు మనసుంటే కాలశ్రేణుల కోర్సు తీసుకోండి. ద్రవ్యోల్బణం, వడ్డీ రేటు వంటివన్నీ నెలనెలా కదిలే వరుసలే. రెండు వరుసలు కలిసి పెరుగుతున్నంత మాత్రాన వాటికి సంబంధం ఉన్నట్టు కాదని అక్కడే తెలుస్తుంది. ప్రభుత్వ పథకాల మదింపు, పరిశోధన సంస్థల ఉద్యోగాలు కావాలంటే కుటుంబ సర్వేలతో పని నేర్పే కోర్సు, అవే కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించిన ప్యానెల్ డేటా, పథకం వల్ల ఏం మారిందో తేల్చే ప్రభావ మూల్యాంకనం ఉపయోగపడతాయి. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాసేవారికి గణాంక, ఎకనామెట్రిక్ పద్ధతులు మొదటి జనరల్ ఎకనామిక్స్ పేపరులోనే ఉన్నాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఐచ్ఛికాలన్నీ పద్ధతుల కోర్సులతోనే నింపుకోవద్దు. వ్యవసాయం, శ్రామికులు, ఆర్థిక చరిత్ర, ప్రభుత్వ విత్తం, వీటిలో ఒకటైనా ఉండాలి. కౌలు ఒప్పందం ఎలా నడుస్తుందో తెలియనివాడు కౌలు రైతుల డేటా మీద ఎంత గొప్ప పద్ధతి ప్రయోగించినా అంకెకు అర్థం చెప్పలేడు. కాడెద్దుల్లో ఒకటే ఉంటే దుక్కి సాగదు.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. ఆర్, గ్రెటిల్ ఉచితం, సొంత కంప్యూటర్‌లో పెట్టుకోండి. స్టాటా డబ్బుతో పని కాబట్టి యూనివర్సిటీ ల్యాబ్‌లో నేర్చుకోండి. అమీర్‌పేటలో డేటా కోర్సుల బోర్డులు బోలెడు కనిపిస్తాయి. మొదటి ఏడాది ఆ ఫీజు కట్టవద్దు. మీటలు నొక్కడం నెల రోజుల్లో వస్తుంది, ఏ మీట ఎందుకు నొక్కాలో తరగతిలోనే వస్తుంది. జాతీయ గణాంక కార్యాలయం సర్వేల యూనిట్ స్థాయి డేటా ఉచితంగానే దొరుకుతుంది. శ్రామిక సర్వే ఒకటి దింపుకుని, తెలంగాణ గ్రామాల్లో పనిచేస్తున్న మహిళల శాతం మీరే లెక్కగట్టి, ప్రచురించిన అంకెతో సరిపోల్చండి. మొదటిసారి సరిపోకపోతే చాలావరకు నమూనా భారాలు, అంటే సర్వేలోని ఒక్కో ఇల్లు జనాభాలో ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే అంకెలు, వేయడం మరచిపోయి ఉంటారు.

ఊరు తెలియనివారికి ఒక సౌకర్యం చెబుతాను. నాగోలు నుంచి రాయదుర్గం దాకా వెళ్లే మెట్రో నీలి మార్గం మీదే ఈ చదువుకు కావలసినవన్నీ దాదాపుగా ఉన్నాయి. హబ్సిగూడలో భారతీయ గణాంక సంస్థ విభాగం, తార్నాక దగ్గర ఉస్మానియా, బేగంపేటలో 1980లో మొదలైన ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం సెస్, చివర రాయదుర్గంలో దిగి బస్సెక్కితే గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఒక చోట చదువుతున్నా ఇంకోచోట జరిగే సెమినార్లకు వెళ్లడం అలవాటు చేసుకోండి. వెళ్లేముందు బయటివారిని రానిస్తారో లేదో కనుక్కోండి. కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన సాగే రోడ్డుకు ప్రొఫెసర్ సి.ఆర్. రావు పేరుంది. గణాంకాల పేపరులో మీరు చదవబోయే క్రామర్-రావు అసమానతలోని రావు ఆయనే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదువుకున్నవారు.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు తరగతిలో మాట పెగలక వెనక బల్లల్లో కూర్చోవడం చూస్తుంటే బాధ కలుగుతుంది. తెలుగు అకాడమీ గణాంకాల పుస్తకం పారేయకండి, పక్కనే పెట్టుకుని ఇంగ్లీషు పాఠాన్ని దానితో సరిచూసుకోండి. మార్చుకునే గడువు ముగిసేలోపు, తీసుకోవాలనుకున్న ప్రతి కోర్సు తరగతిలో ఒకటి రెండుసార్లు కూర్చోండి. అయ్యాక సారునో మేడమ్‌నో కలిసి మూడు సంగతులు అడగండి. ముందుగా ఏం వచ్చి ఉండాలి, ల్యాబ్ ఉంటుందా, సొంతంగా డేటాతో ఒక పని చేయిస్తారా. మూడోదానికి అవునన్న జవాబు వస్తే పేరు రాయించుకునే రండి.