బైబ్యాక్‌కు షేర్లు ఇచ్చే ముందు జాగ్రత్తలు

కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొంటానని (బైబ్యాక్) ప్రకటిస్తే ధర తరచూ పైకి లేస్తుంది. ఆ ఊపులో నిర్ణయం తీసుకోకండి.

• పద్ధతి ఏదో చూడండి. టెండర్ ఆఫర్‌లో, అంటే వాటాదారుల నుంచి నేరుగా కొనే పద్ధతిలో, ధర, గడువు ముందే చెబుతారు. బహిరంగ మార్కెట్‌లో కొంటే మీకు విడిగా ఆఫర్ రాదు. ప్రకటించినంతా కొంటారన్న హామీ కూడా సాధారణంగా ఉండదు.

• డబ్బు ఎక్కడిది? అసలు ప్రశ్న ఇదే. మిగులు నగదైతే సరే. అప్పు తెచ్చి కొంటే ఆ వడ్డీ భారం షేర్లు అట్టిపెట్టుకున్నవాళ్ల నెత్తినే పడుతుంది.

• ఈపీఎస్ (ఒక్కో షేరుకు వచ్చే లాభం) పెరిగిందని మురిసిపోవద్దు. లాభం 100, షేర్లు 10 అనుకోండి. షేరుకు 10 వస్తుంది. కంపెనీ ఒక షేరు కొని రద్దు చేస్తే అదే లాభానికి 11.11. వ్యాపారం మాత్రం వీసమెత్తు పెరగలేదు!

• షేర్ల సంఖ్య నిజంగా తగ్గుతోందా? పాత వార్షిక నివేదికలు తిరగేయండి. కొన్ని కంపెనీలు ఒకవైపు కొంటూనే మరోవైపు ఉద్యోగులకు కొత్త షేర్లు జారీ చేస్తుంటాయి. అప్పుడు మీ వాటా పెరిగేదేమీ లేదు.

• అసలు విలువ కన్నా ఎక్కువకు కొంటే లాభం అమ్ముకున్నవారిది, నష్టం ఉండిపోయినవారిది. నా దృష్టిలో చాలామంది పట్టించుకోనిది ఇదే.

• పన్ను నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో 2023 నుంచి కంపెనీయే 1 శాతం ఎక్సైజ్ పన్ను కడుతోంది. అమ్మినవారి పన్ను వేరు.

• మీరిచ్చిన షేర్లన్నీ తీసుకోకపోవచ్చు. మిగిలినవి తిరిగొచ్చేసరికి మార్కెట్ ధర దిగిపోయి ఉండొచ్చు.