అమెరికా నుంచి తెప్పించిన ఆఖరి సీజన్ డిస్కులు: పరీక్షించి చూసుకొనే పద్ధతి

ఏళ్ల తరబడి నడిచిన అమెరికా సీరియల్‌ను డిస్కులుగా దాచుకోవాలనుకునేవారికి మొదటి సీజన్ సులభంగానే దొరుకుతుంది, ఆఖరి సీజన్ల దగ్గరే అసలు ఇబ్బంది మొదలవుతుంది. మొదటి సీజన్ కొన్నవారిలో చాలామంది ఆఖరిదాకా కొనరు కాబట్టి విడుదల చేసే సంస్థలు మధ్యలోనే చేతులెత్తేస్తాయి. 1974 నుంచి 1984 వరకు పదకొండు సీజన్లు నడిచిన ‘హ్యాపీ డేస్’ డీవీడీలు 2004లో రావడం మొదలుపెట్టి, 2014 నాటికి ఆరో సీజన్‌కే చేరాయి. నేను ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్న ‘బాయ్ మీట్స్ వరల్డ్’ కూడా ఇలాంటి ఎదురుచూపు తర్వాతే పూర్తిగా దొరికింది. 1993 సెప్టెంబర్ 24 నుంచి 2000 మే 5 వరకు ఏబీసీ ఛానల్‌లో ఏడు సీజన్లుగా, 158 ఎపిసోడ్లుగా ప్రసారమైన ఈ సీరియల్‌లో మొదటి మూడు సీజన్లను డిస్నీ 2004, 2005 సంవత్సరాల్లో తెచ్చి ఆపేసింది. మిగిలినవి 2010, 2011లలో లయన్స్‌గేట్ అనే మరో సంస్థ చేతుల మీదుగా గాని బయటికి రాలేదు. అందువల్ల ఏడో సీజన్ పెట్టె ఇంటికి వచ్చిందంటే దాన్ని మళ్లీ సులభంగా దొరికే వస్తువుగా భావించకుండా, వచ్చిన వారంలోనే ఆసాంతం పరీక్షించుకోవాలి. ఈ వ్యాసంలో నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే.

హనుమకొండ, కాజీపేట, వరంగల్ ఇళ్లలో ఇలాంటి పెట్టెలు ఎక్కువగా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అక్కాబావల సూట్‌కేసుల్లో వస్తాయి. మా ఇంటికీ అలాగే వచ్చింది. మా అక్క బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు ఇచ్చిన పెట్టెను నేను భద్రంగా అల్మారాలో పెట్టి, పిల్లల వార్షిక పరీక్షలు అయ్యాక తీశాను. ఆఖరి డిస్క్‌లో ముగింపు ఎపిసోడ్ మధ్యలో బొమ్మ గడ్డకట్టి నిలిచిపోయింది. అప్పటికి అక్క తిరిగి వెళ్లిపోయింది, అమ్మినవారు మార్చి ఇచ్చే గడువు కూడా దాటిపోయింది. కాబట్టి మీవాళ్లు తిరుగు విమానం ఎక్కకముందే పరీక్ష ముగించండి. లోపముంటే ఆ డిస్క్ వారితోనే వెనక్కి వెళ్లాలి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, అక్కడ పెట్టె చేతికి అందిన రోజే వారిని ఒకసారి తెరిచి చూడమనడం. డిస్కులు అన్నీ ఉన్నాయో లేదో, ఒకే డిస్క్ రెండుసార్లు పెట్టారేమో చూడడానికి రెండు నిమిషాలు చాలు.

కొనకముందే పెట్టె వెనుక భాగం ఫొటో తెప్పించుకోండి. అందులో భూగోళం బొమ్మ మధ్యన ఒక అంకె ఉంటుంది. ఆ డిస్క్ ప్రపంచంలోని ఏ ప్రాంతపు ప్లేయర్ల కోసం చేసిందో చెప్పే అంకె అది. అమెరికా డీవీడీలకు 1, మన దేశానికి 5. సున్నా గాని, అన్ని ప్రాంతాలకూ అని గాని ఉంటే చింత లేదు. 1 అని ఉన్న డిస్క్‌ను 5కే కట్టుబడిన ప్లేయర్ తిప్పదు. మన దగ్గర అమ్ముడైన ప్లేయర్లలో అన్ని ప్రాంతాల డిస్కులనూ తీసుకొనేవి చాలానే ఉన్నాయి, అయితే పెట్టె మీద ఆ మాట రాసి ఉండకపోవచ్చు. పాత ప్లేయర్ కొనేటప్పుడు అమెరికా డిస్క్ ఒకటి వెంట తీసుకువెళ్లి, కొట్టులోనే పెట్టించి చూడడం కన్నా నమ్మకమైన మార్గం లేదు. కంప్యూటర్‌లో చూసేవారు మరొక జాగ్రత్త తీసుకోవాలి. డ్రైవ్‌లో ప్రాంతపు అంకెను సాధారణంగా ఐదుసార్లే మార్చనిస్తారు, ఐదోసారి పెట్టిన అంకె అలాగే స్థిరపడిపోతుంది. ఒకరోజు తెలుగు సినిమా డిస్క్‌కు, మరునాడు అమెరికా డిస్క్‌కు అంటూ మార్చుకుంటూ పోతే వారంలోనే ఆ అవకాశం అయిపోతుంది. వీలైతే పాత డ్రైవ్ ఒకదాన్ని అమెరికా డిస్కుల కోసమే కేటాయించండి.

ప్రాంతపు అంకెతో పాటు బొమ్మ పద్ధతి కూడా వేరుగా ఉంటుంది. అమెరికా డిస్కులు ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో, 480 గీతలతో, సెకనుకు సుమారు 30 ఫ్రేములతో ఉంటాయి. మన పాల్ పద్ధతిలో 576 గీతలు, 25 ఫ్రేములు. ఇప్పటి పలుచని టీవీలు రెండింటినీ చూపిస్తాయి. పాత డబ్బా టీవీ ఉన్న ఇంట్లో బొమ్మ నలుపు తెలుపుగా వచ్చినా, పైకి కిందికి జారినా డిస్క్ చెడిందని అనుకోకండి. ప్లేయర్ సెట్టింగుల్లో టీవీ రకాన్ని ఆటోకో మల్టీకో మార్చి చూడండి. ప్లేయర్‌ను కూడా అమెరికా నుంచే తెచ్చుకున్నవారు ప్లగ్ పెట్టకముందు దాని వెనుక ఉన్న చీటీ తప్పక చదవాలి. 100 నుంచి 240 వోల్టుల వరకు అని ఉంటే సరే, 110 లేదా 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు అది ఆ క్షణమే కాలిపోతుంది.

ఇక పరీక్ష సంగతి. ఏడో సీజన్‌లో 23 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి సుమారు 22 నిమిషాలు. అంటే మొత్తం ఎనిమిదిన్నర గంటలు. అంతసేపు కూర్చొని చూడనక్కర లేదు గాని, ఎక్కడ చూడాలో తెలియకుండా అక్కడక్కడా నొక్కి సరిపెట్టుకుంటే అసలు లోపం దొరకదు. డీవీడీని లోపలి అంచు నుంచి బయటి అంచు వైపు చదువుతారు. వేళ్లు తగిలేదీ, గీతలు పడేదీ, రెండు పలకల అతుకు విడిపోవడం మొదలయ్యేదీ బయటి అంచు దగ్గరే. బొమ్మ, శబ్దం రాసిన పొర ఒకటే ఉన్న డిస్క్‌లో, అంటే 4.7 గిగాబైట్ల దానిలో, నిండుగా రాసి ఉంటే ఆ అంచున ఆఖరి ఎపిసోడ్ ఉంటుంది. రెండు పొరలున్న 8.5 గిగాబైట్ల డిస్క్‌లో మొదటి పొర లోపలి నుంచి బయటికి, రెండో పొర బయటి నుంచి లోపలికి సాగుతాయి. అందువల్ల బయటి అంచున ఉండేవి నడిమి ఎపిసోడ్లు. చదివే వైపు బంగారు ఛాయ కనిపిస్తే అది రెండు పొరలది కావచ్చు. ఏ రకమో తేల్చుకోలేకపోతే నడిమి ఎపిసోడ్లనూ ఆఖరి ఎపిసోడ్‌నూ పూర్తిగా, మిగిలినవాటిలో మొదలు, మధ్య, చివర రెండేసి నిమిషాలు చూడండి. రెండు పొరల డిస్క్ ఒక చోట అర సెకనో ఒక సెకనో ఆగి సాగితే భయపడనవసరం లేదు. ప్లేయర్ ఒక పొర నుంచి రెండో పొరకు మారడమే ఆ విరామం. గళ్లు గళ్లుగా బొమ్మ చెదిరినా, శబ్దం తెగినా, అదే చోట ప్రతిసారీ ఆగినా మాత్రం డిస్క్‌ను తిప్పి పంపండి.

పరీక్షిస్తూనే ప్రతి ఎపిసోడ్ నిడివిని ఒక కాగితం మీద రాసుకోమని నా సలహా. పునఃప్రసారాల కోసం ప్రకటనలకు చోటు చేస్తూ కత్తిరించిన ప్రతులు కొన్ని సీరియళ్ల డిస్కుల్లోకి వచ్చేస్తాయి, ఏదో ఒక ఎపిసోడ్ మిగిలినవాటి కన్నా రెండు మూడు నిమిషాలు తక్కువగా ఉంటే అనుమానించాల్సిందే. పాటల విషయంలోనూ అంతే. టీవీ ప్రసారానికి మాత్రమే హక్కులు తీసుకున్న పాటల స్థానంలో డిస్క్‌లో వేరే సంగీతం పెట్టడం అమెరికా సీరియళ్లలో తరచుగా జరిగే పని.

డిస్క్‌ను మధ్యనున్న బొడిపె నొక్కుతూ తీయాలి గాని అంచు పట్టి వంచి లాగకూడదు. దుమ్ము విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. పత్తి వచ్చే నెలల్లో ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఉండే ఇళ్లలో గాలిలో తేలే నూగు ప్లేయర్ ట్రేలోకి సైతం చేరుతుంది. వాడనప్పుడు ప్లేయర్ మీద గుడ్డ కప్పండి. డిస్క్ మురికైతే కళ్లద్దాలు తుడిచే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు. ఎండాకాలంలో పెట్టెను మేడ మీది రేకుల గదిలో గాని, కారులో గాని వదలకండి.

భాష గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో అందరూ కలిసి చూడగలరా లేదా అన్నది దీని మీదనే ఆధారపడి ఉంటుంది. అమెరికా పిల్లల మాట వేగం మన పెద్దవాళ్లకే కాదు, ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకూ మొదట అందదు. అడుగున అక్షరాలు కావాలి. పెట్టె మీద సబ్‌టైటిల్స్ అని ఉంటే రిమోట్‌తోనే వస్తాయి. అలా కాక సీసీ అన్న గుర్తు మాత్రమే ఉంటే, అవి అమెరికా టీవీలు విప్పి చూపే మరుగు అక్షరాలు. మన దగ్గరి చాలా టీవీలకు ఆ ఏర్పాటు లేదు, హెచ్‌డీఎంఐ తీగ వాటిని మోసుకురాదు. ఆ డిస్క్‌ను కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరిచి, సబ్‌టైటిల్స్ జాబితాలో క్లోజ్డ్ క్యాప్షన్స్‌ను ఎంచుకుంటే అక్షరాలు వస్తాయి. కంప్యూటర్ నుంచి టీవీకి తీగ కలిపితే అందరూ చూడవచ్చు. అప్పుడే టీవీలో బొమ్మ కొలతను 4:3కి మార్చండి. ఆ కాలపు సీరియల్‌ను వెడల్పు తెర నిండా సాగదీస్తే ముఖాలన్నీ ఉబ్బినట్టు కనిపిస్తాయి.

ఏడో సీజన్‌తోనే మొదలుపెట్టేవారు పిల్లలకు ముందు కథ చెప్పాలి. ఫిలడెల్ఫియాలో ఆరో తరగతి చదివే కోరీ, అతని స్నేహితుడు షాన్, టొపాంగా అనే అమ్మాయి, పక్కింట్లోనే ఉండే ఫీనీ మాస్టారు. ఇంత తెలిస్తే చాలు. ఏడో సీజన్ నాటికి వీళ్లు పెన్‌బ్రుక్ యూనివర్సిటీలో ఉంటారు, మాస్టారు అక్కడా పాఠం చెబుతుంటారు. బడి సారును ఊరు మారినా మరిచిపోని మన పిల్లలకు ఈ బంధం వెంటనే అర్థమవుతుంది, మా ఇంట్లో సీరియల్ నిలబడింది కూడా ఆయన వల్లనే. కోరీ, టొపాంగాల పెళ్లి ఏడో ఎపిసోడ్‌లో వస్తుంది కాబట్టి మొదటి ఏడింటినీ రెండు మూడు సాయంత్రాల్లో ముగించేలా చూసుకోండి, ఆ ఊపు తెగకూడదు. పది, పన్నెండేళ్ల పిల్లలున్నవారు ప్రతి ఎపిసోడ్‌నూ ముందు తామే చూడడం మంచిది. ఐదు, ఆరు సీజన్లలో మద్యం, శారీరక సంబంధం గురించి మాట్లాడిన మూడు ఎపిసోడ్లను డిస్నీ ఛానల్ తన పునఃప్రసారాల్లోంచి తప్పించింది. డిస్క్‌లో అలా తప్పించేవారు ఎవరూ ఉండరు.

ముగింపు రెండు భాగాలుగా ఉంటుంది, రెండింటినీ ఒకే పూట చూపించండి. ఆఖరి దృశ్యం వాళ్ల ఆరో తరగతి గదిలో, అదే మాస్టారు ముందు జరుగుతుంది. మొదటి సీజన్ డిస్క్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోగలిగితే, ఆ సాయంత్రం ముందుగా తొలి ఎపిసోడ్‌లోని తరగతి దృశ్యాన్ని వేసి, తర్వాత ఈ రెండు భాగాలు పెట్టండి.